మైనరు పిల్లలు – సంరక్షకులు – స్వాతంత్ర్యపు గడువు

గ్రామపెద్దలారా,

తల్లియు తండ్రియు గతించిన బాలుడొకడు చిన్నాయన యింటనో మేనమామ యింటనో పెరుగుచున్నాడనుకొందము. వానికి 16 ఏండ్లు నిండినవి. తండ్రి పేర నాలుగెకరముల పట్టాభూమి కలదు. వాడు మీ రచ్చకు వచ్చి, "నా భూమి నాకిప్పించుడు, నా బ్రతుకు నేను చూచుకొందును" అని యడిగినచో మీరేమి సమాధానము చెప్పుదురు? "నీకింకను ఈడు రాలేదు" అందురా? ఈడనగా నెంత? దానిని నిర్ణయించినవారెవరు? సంరక్షకుడు దుర్మార్గుడైనచో ఆ యీడు కొంచెము ముందుగా వచ్చునా? ఏ న్యాయాధిపతియైనను "నేటినుండి వీడు పెద్దవాడు" అని తీర్పు వ్రాసి వానిని విడిపింపగలడా?

జిన్నారము చుట్టుపట్ల గ్రామములవారికి ఇది పొద్దుపోక వేయు ప్రశ్న కాదు. చిరకాలము మెదకు జిల్లాలో నుండి, 2016వ సంవత్సరము అక్టోబరు నెలలో సంగారెడ్డి జిల్లాలో చేరిన యీ ప్రాంతమున, జొన్నయు కందియు పండిన చేల ప్రక్కనే నేడు కర్మాగారముల గోడలు నిలిచియున్నవి. పటాన్‌చెరువు, బొల్లారము, కాజిపల్లి, గడ్డపోతారము అను పేర్లు విన్నంతనే పొగగొట్టములు కన్నులకు గట్టును. భూమి పైరు మాత్రమే యిచ్చుచున్న కాలమున అనాథబాలుని పొలమును దున్నువాడు దొరకుటయే కష్టముగా నుండెడిది. భూమి వెల పెరిగిన పిమ్మట కొనువాడు ఇంటికే వచ్చుచున్నాడు. బాలుని సొత్తుపై సంరక్షకునికి గల యధికారమెంత యను ప్రశ్నకు ఇందువలన లక్షల విలువ కలిగినది. కావున ఈ విషయముయొక్క చరిత్రను, పూర్వరాజ్యముల కాలము మొదలు నేటి చట్టములవఱకు, నాకు చేతనైనంత సుబోధముగ మీకు విన్నవింతును.

మన ప్రాచీనులు ఈడు రాని బాలుని "అప్రాప్తవ్యవహారుడు" అనిరి. చక్కని మాట. వ్యవహారమనగా ఇచ్చిపుచ్చుకొనుట, ఋణపత్రము వ్రాయుట, దావా వేయుట. ఆ పనులకు తగిన తెలివి యింకను ప్రాప్తింపనివాడు అప్రాప్తవ్యవహారుడు. కౌటిల్యుని యర్థశాస్త్రము పురుషునకు 16 ఏండ్లకును, స్త్రీకి 12 ఏండ్లకును వ్యవహారము ప్రాప్తించునని చెప్పినది. నారదస్మృతి ఎనిమిదేండ్లవఱకు శిశువును గర్భస్థునితో సమానునిగా నెంచి, పదునాఱవ యేటివఱకు బాలుడనియు, అటుపిమ్మట తలిదండ్రులు లేనిచో స్వతంత్రుడనియు నిర్ణయించినది. మనువు బాలుని పిత్రార్జితమును వాడు గురుకులమునుండి మరలి వచ్చువఱకో, బాల్యము గడచువఱకో కాపాడు భారమును రాజుపై నుంచెను.

అర్థశాస్త్రములోని మఱియొక నియమమును మీకు ప్రత్యేకముగా చెప్పవలయును. బాలుని ద్రవ్యమును వాడు వ్యవహారప్రాప్తుడగువఱకు వృద్ధిపొందించవలసినవారు గ్రామవృద్ధులని కౌటిల్యుడు విధించెను. దేవుని ద్రవ్యమునకును ఆ నియమమునే చెప్పెను. రెండును తమ సొత్తును తాము అడుగలేనివారి సొత్తులని ఆయన భావము కాబోలు. గుడిమాన్యమును మ్రింగినవాడు పాపియని నమ్ము గ్రామము, తలిదండ్రులు లేని పిల్లవాని చేనును మ్రింగినవానిని గూర్చియు నట్లే తలపవలెను గదా. ఈ గ్రంథము శతాబ్దములపాటు మఱుగుపడియుండి, మైసూరు పండితుడగు శామశాస్త్రిగారు 1909వ సంవత్సరమున ప్రకటించిన పిమ్మటనే లోకమునకు మరల తెలిసినది. కాని ఆ ధర్మము మాత్రము గ్రంథముతోపాటు మఱుగుపడలేదు. ఏదో యొక రూపమున మన పంచాయతీలలో నిలిచియేయున్నది.

ధర్మశాస్త్రమునకు మన ప్రాంతముతో మఱింత దగ్గఱి సంబంధము కూడ కలదు. మిితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య చక్రవర్తియగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున వెలసినవాడు. ఆ కల్యాణమే నేటి బసవకల్యాణము. అది బీదరు జిల్లాలోనిది. 1956వ సంవత్సరమున రాష్ట్రములు పునర్విభజింపబడువఱకు మనతోపాటు హైదరాబాదు రాజ్యముననే యుండెను. దేశములో నధికభాగమునకు హిందూధర్మమై చెల్లిన గ్రంథము మన పొరుగుననే పుట్టినదని మనము గర్వింపవచ్చును. పదుమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి కాలమువాడగు కేతన దానినే ఆధారముగా గొని తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. సంస్కృతము రాని తెలుగువాడు తన న్యాయమును తన నుడిలో తెలిసికొనవలెనను కోరిక అంత ప్రాచీనమైనది.

ముసల్మానుల ధర్మమునందు వ్యక్తత శరీరలక్షణములచే నిర్ణయమగును. లక్షణములు తెలియనిచో 15 ఏండ్లు ప్రమాణము. మన తాలూకా కచ్చేరీలలో వెనుకటి పెద్దలు వాడిన "నాబాలిగు", "వలీ" యను మాటలు ఆ ధర్మమునుండియే వచ్చినవి. అనాథలను పరీక్షించుచుండవలెననియు, వివేకము కానవచ్చినప్పుడు వారి సొత్తును సాక్షుల యెదుట వారికి ఒప్పగింపవలెననియు ఖురాను ఆదేశించుచున్నది. ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. ఈడు మాత్రమే చాలదు, వివేకము కూడ కావలెను. ఒప్పగింత చాటుగా జరుగరాదు, సాక్షులుండవలెను.

ఇక పశ్చిమదేశముల సంగతి. ప్రాచీన రోమునగరమున తండ్రి బ్రతికియున్నంతకాలము కుమారుడు, నలువది యేండ్లవాడైనను, వాని యధికారములోనివాడే. తండ్రి కుమారుని మూడుమాఱులు విక్రయించినచో కుమారుడు విముక్తుడగునని వారి పండ్రెండు పలకల శాసనములో నొక నియమముండెను. క్రూరుడైన తండ్రికి శిక్షగా పుట్టిన యీ నియమమును తెలివిగల రోమనులు వేఱు విధమున నుపయోగించుకొనిరి. తండ్రి తన మిత్రునకు కుమారుని మూడుమాఱులు నామమాత్రముగ విక్రయించి స్వతంత్రుని జేయుచుండెను. దానికే "ఎమాన్సిపేషను" అని పేరు. నేడు అమెరికాలో 18 ఏండ్లు నిండకమునుపే కోర్టు ద్వారా లభించు బాలవిముక్తికి సయితము ఆ పేరే చెల్లుచున్నది.

మన దేశమునకు ఇంగ్లీషువారి న్యాయము వచ్చిన తరువాత ఈ వ్యవహారము మాఱిపోయెను. చెన్నపట్టణపు ప్రభుత్వము 1804వ సంవత్సరపు 5వ రెగ్యులేషనుచే కోర్టు ఆఫ్ వార్డ్సును నెలకొల్పెను. జమీందారు మరణించి వారసుడు బాలుడైనచో ప్రభుత్వమే సంరక్షకత్వము వహించి ఎస్టేటును నడిపించును. బాలునిపై కరుణతోపాటు పేష్కషు సకాలమున ముట్టవలెనను శ్రద్ధయు దీనికి కారణమే. పిమ్మట 1856లో లండనులోని ప్రీవీ కౌన్సిలు హనుమాన్ ప్రసాదు పాండే వ్యాజ్యెములో నొక గొప్ప సూత్రమును పలికెను. బాలుని యాస్తిని నిర్వహించువానికి దానిని తాకట్టుపెట్టు అధికారము పరిమితమైనది. తప్పనిసరి యవసరమో, ఆస్తికి మేలో ఉన్నప్పుడే అది చెల్లును. అప్పిచ్చువాడు ఆ యవసరమును విచారించి తెలిసికొనవలెను. నేటికిని గ్రామములో భూమి కొనువాడు గుర్తుంచుకొనదగిన మాట యిది.

1875వ సంవత్సరపు 9వ ఆక్టు ఈడును నిర్ణయించెను. సామాన్యముగ 18 ఏండ్లు నిండినవాడు మేజరు. కాని కోర్టువారు సంరక్షకుని నియమించియున్నను, ఆస్తి కోర్టు ఆఫ్ వార్డ్సు పాలనలో నున్నను, ఆ బాలునకు 21 ఏండ్లు నిండవలెను. వివాహము, దత్తత మొదలగు విషయములకు ఈ నియమము వర్తింపదు. దీని పర్యవసానము చూడుడు. తండ్రి నీడలో పెరిగినవాడు 18 ఏండ్లకు స్వతంత్రుడు. తండ్రిని పోగొట్టుకొని కోర్టు రక్షణలో పెరిగినవాడు మఱి మూడేండ్లు వేచియుండవలెను. రక్షణ యను పేర విధించిన యీ యాలస్యము 124 సంవత్సరములు మన చట్టమున నిలిచెను. 1999వ సంవత్సరపు సవరణచే తొలగింపబడి, ఆ యేడు డిసెంబరు నుండి అందఱికిని 18 ఏండ్లే యయ్యెను.

ఈ భేదము నిజజీవితమున నెట్లుండెనో చూపుటకు రెండు రాజకుటుంబముల కథలు చెప్పెదను. మొదటిది గోదావరి ప్రాంతమున, రెండవది మన హైదరాబాదున జరిగినది.

పిఠాపురము రాజగు గంగాధర రామారావుగారు 1890లో మరణించిరి. వారి కుమారుడు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు 1885లో జన్మించినవాడు. అప్పటికి అయిదేండ్ల పసివాడు. ఎస్టేటు కోర్టు ఆఫ్ వార్డ్సు వశమయ్యెను. అంతకుమునుపు వేంకటగిరి వంశమునుండి దత్తత వచ్చిన పెద్దవాడు జమీ తనదని దావా వేసెను. పసివాని పక్షమున ప్రతివాదిగా నిలిచినది కోర్టు ఆఫ్ వార్డ్సే. వ్యాజ్యెము ప్రీవీ కౌన్సిలువఱకు పోయి, తండ్రి మరణశాసనము చెల్లునని 1899లో తీర్పు వచ్చెను. సంరక్షకత్వమే లేనియెడల ఆ బాలునకు జమీ దక్కియుండుననుట సందేహము. కాని అదే సంరక్షకత్వము వానిని 1906లో 21 ఏండ్లు నిండువఱకు విడువలేదు. తరువాత ఆయన సాహిత్యపోషకుడై, తన పేర వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువుచే తెలుగువారికి చిరస్మరణీయుడయ్యెను.

రెండవ కథ మన పూర్వుల ప్రభువుది. అయిదవ నిజాము అఫ్జల్ ఉద్దౌలా 1869వ సంవత్సరము ఫిబ్రవరిలో మరణించునప్పటికి కుమారుడు మీర్ మహబూబ్ అలీఖానునకు మూడేండ్లు నిండలేదు. 1866 ఆగస్టులో పుట్టినవాడు. ఆ పసివానిని గద్దెపై కూర్చుండబెట్టి, దివానగు సాలార్ జంగును, అమీరె కబీర్ షంసుల్ ఉమరాను రాజ్యరక్షకులుగా నియమించిరి. జిన్నారము రైతు చెల్లించిన శిస్తు ఒక పసివాని పేర వసూలయి, ఇద్దఱు సంరక్షకుల చేతులమీదుగా నడచెనన్నమాట.

ఈ సాలార్ జంగు చరిత్రయే మన విషయమునకొక పాఠము. 1829లో పుట్టి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, తండ్రి సోదరుడగు సిరాజుల్ ముల్కు సంరక్షణలో పెరిగెను. ఆ పినతండ్రి 1853లో మరణింపగా 24 ఏండ్లకే దివాను పదవి యీయన తలపై పడినది. అట్లు పెరిగినవాడు తాను దివానుగా నున్నప్పుడును, సంరక్షకుడైనప్పుడును, రాజ్యమునకు అప్పులు తగ్గించి, జిల్లాలుగా విభజించి, జీతములపై ఉద్యోగులను నియమించి, రాజ్యమును తనకప్పగించిననాటికంటె మెఱుగైన స్థితిలో బాలునికి దాచెను. ఆయనతో నేకీభవింపని వారును ఈ మాట నొప్పుకొనిరి.

అయినను సంరక్షకుల నడుమ వివాదము తప్పలేదు. మొదటి షంసుల్ ఉమరా 1877లో మరణింపగా, ఇంగ్లీషు రెసిడెంటు సర్ రిచర్డ్ మీడ్ సాలార్ జంగుకు ఇష్టము లేకున్నను మృతుని సోదరుని రెండవ రక్షకునిగా నియమింపజేసెను. బాలునకు ఇంగ్లీషు విద్య నేర్పుటకు క్లార్క్ అను ఇంగ్లీషు దొరను నియమించుట, 1875లో వేల్సు రాకుమారుని దర్శనమునకు బాలుడు బొంబాయి పోవలెనా వలదా యనుట, అన్నియు తగవులయ్యెను. బాలుని మేలు ఏదియో అందఱును చెప్పిరి. బాలుని నడిగినవారు అరుదు. సంరక్షకుడు ఒక్కడైనను ఇద్దఱైనను, పెద్దల పంతములకు పిల్లవాడు ఆటవస్తువగు ప్రమాదము కోటలోను గుడిసెలోను సమానమే.

సాలార్ జంగు 1883వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన ఆకస్మికముగ మరణించెను. మఱుసటి యేడు ఫిబ్రవరి 5వ తేదీన గవర్నరు జనరలు రిప్పను ప్రభువు స్వయముగ హైదరాబాదు వచ్చి మహబూబ్ అలీఖానునకు పూర్ణాధికారము లొసగెను. అప్పటికి నిజాము వయస్సు 17 ఏండ్లు దాటి ఆఱు నెలలైనను కాలేదు. బ్రిటిషు ఇండియాలో తండ్రి లేని ఒక చిన్న జమీందారు కోర్టు ఆఫ్ వార్డ్సు క్రింద 21 ఏండ్లవఱకు వేచియుండగా, ఇంచుమించు కోటిమంది ప్రజల ప్రభువు 18 నిండకమునుపే విముక్తుడయ్యెను. చట్టమునకంటె రాజకార్యము బలవత్తరమైన చోట ఈడు కూడ వంగునని దీనివలన తెలియుచున్నది.

ఆ విముక్తి మేలైనదా? పూర్తిగా అవునని గాని కాదని గాని చెప్పజాలము. యువకుడగు నిజాము, సాలార్ జంగు కుమారుడును ఇరువది యేండ్లు దాటినవాడునైన లాయఖ్ అలీఖానును దివానుగా నియమించుకొనెను. ఇద్దఱును పడుచువారు, ఇద్దఱికిని తలపై పెద్దచేయి లేదు. మూడేండ్లకే వైమనస్యములు ముదిరి 1887లో దివాను పదవి వీడవలసివచ్చెను. కాని అదే నిజాము 1911వఱకు పాలించి, ప్రజల మనస్సులలో దయాళువను పేరు నిలుపుకొనెను. స్వాతంత్ర్యము పొందిననాడే పరిపక్వత రాదు. స్వాతంత్ర్యము లేనిదే పరిపక్వత అసలే రాదు. ఈ రెండింటి నడుమ సన్నని దారి వెదకుటయే సంరక్షకుని నేర్పు.

ఆ వంశమున కథ మఱియొక మాఱు పునరావృత్తమయ్యెను. లాయఖ్ అలీ 1889లో మరణించునప్పటికి ఆయన కుమారుడు యూసఫ్ అలీ నెల నిండని శిశువు. మహబూబ్ అలీఖాను, తాను బాలుడుగా నున్నప్పుడు తన రాజ్యమును కాపాడిన వంశపు బిడ్డకు రక్షకుడయ్యెను. ఆ శిశువే మూడవ సాలార్ జంగు; 1912లో దివాను. ఆయన సేకరించిన వస్తువులనే 1951లో తెఱచిన ప్రదర్శనశాలయందు మనమెల్లరమును చూచుచున్నాము. సంరక్షణ ఋణము ఈ విధముగ తీఱినది.

చట్టము బాలుని కాపాడుటలో నెంత కఠినముగ నుండునో చూపు తీర్పు 1903లో వచ్చెను. కలకత్తాలో ధర్మదాసు ఘోషు అను మైనరు తన యిండ్లను తాకట్టుపెట్టి 20,000 రూపాయలకు పత్రము వ్రాసియిచ్చెను. అప్పిచ్చువాని తరపున పని నడపినవానికి వాడు మైనరను సంగతి తెలియును. ప్రీవీ కౌన్సిలువారు మైనరు చేసిన యొడంబడిక మొదటినుండియే చెల్లదని నిర్ణయించిరి. నాటినుండి మైనరు వ్రాసిన పత్రము చెల్లని కాగితమే. ఇది బాలునకు కవచము. కాని కవచము బరువైనది. వానిని మోసగింప నెవ్వరును సాహసింపరు. వానితో వ్యాపారము చేయుటకును నెవ్వరును రారు.

నైజాము రాజ్యము భారతదేశమున కలిసిన పిమ్మట, 1951వ సంవత్సరపు 3వ ఆక్టుచే 1875 నాటి మెజారిటీ ఆక్టును, 1890 నాటి గార్డియన్సు అండ్ వార్డ్సు ఆక్టును మన ప్రాంతమునకు వ్యాపించినవి. 1956లో హిందువులకు మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టము వచ్చెను. వీని సారమును నాలుగు మాటలలో చెప్పెదను.

మొదటిది: తండ్రి, అతడు లేనిచో తల్లి, హిందూ బాలుని సహజ సంరక్షకులు. తండ్రి బ్రతికియున్నను బాధ్యత వహింపనిచోట తల్లి సంరక్షకురాలు కావచ్చునని 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు తేల్చెను. రెండవది: సహజ సంరక్షకుడైనను జిల్లాకోర్టు అనుమతి లేక బాలుని స్థిరాస్తిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అయిదేండ్లకు మించి కౌలుకీయరాదు. అట్లు అమ్మినచో బాలుడు మేజరైన మూడేండ్లలోపల దావా వేసి రద్దు చేయించుకొనవచ్చును. మూడవది: చిన్నాయనయో మేనమామయో కోర్టు నియామకము లేక, కేవలము ఇంటనుంచుకొని పెంచుచున్నంతమాత్రమున, బాలుని సొంత యాస్తిని విక్రయించు అధికారము పొందడు. అవిభక్త కుటుంబపు సొత్తులో బాలుని పాలు మాత్రము వేఱు విషయము; దానికి కుటుంబ యజమాని నియమములు వర్తించును. నాలుగవది: అన్నిటికంటె బాలుని క్షేమమే పరమము.

ముసల్మానుల విషయమునను 1918లో ప్రీవీ కౌన్సిలు ఇంచుమించుగా మూడవ మాటనే పలికెను. తల్లి ఎంత ప్రేమతో పెంచినను, న్యాయముగా నియమింపబడనిచో బిడ్డ స్థిరాస్తిని అమ్మజాలదని ఇమాంబందీ వ్యాజ్యెములో నిర్ణయించిరి.

ఇక మొదట వేసిన ప్రశ్నకు సమాధానము. మన దేశమున 16 ఏండ్ల బాలుని ముందుగా మేజరుగా ప్రకటించు చట్టము లేదు. ఏ న్యాయాధిపతికిని ఆ యధికారము లేదు. కాలమొక్కటే వాని సంకెల విప్పును. ఫ్రాన్సుదేశమున 1804 నాటి నెపోలియను ధర్మసంహిత మొదలు బాలవిముక్తి కలదు. నేడచ్చట 16 ఏండ్లు నిండినవానిని న్యాయాధిపతి విముక్తుని జేయవచ్చును. మన తెలుగువా రనేకులు కాపురముండు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 14 ఏండ్లు నిండినవాడు సయితము కోరవచ్చును. కాని షరతులు చూడుడు. వాడు తలిదండ్రుల లేక సంరక్షకుని సమ్మతితో వేఱుగా నివసించుచుండవలెను. తన ఖర్చులు తానే న్యాయమార్గమున సంపాదించి భరించుచుండవలెను. అనగా సంరక్షకుని యింట వాని యన్నము తినుచున్న బాలునకు ఆ తలుపు అచ్చటను తెఱచుకొనదు. విముక్తి వచ్చిన దినమునుండి పోషణ కోరు హక్కును పోవును. స్వాతంత్ర్యమునకు వెల లేని దేశము లేదు.

మన చట్టమున పూర్తి విముక్తి లేకున్నను మఱి మూడు ద్వారములు తెఱచియున్నవి. పెద్దలు తెలిసికొనవలసినది వానినే.

మొదటి ద్వారము సంరక్షకుని మార్చుట. కోర్టు నియమించిన సంరక్షకుడు నమ్మకద్రోహము చేసినను, బాలుని హింసించినను, వాని సొత్తునకు విరుద్ధమైన స్వలాభము కలవాడైనను, 1890 నాటి చట్టముచే తొలగింపబడును. బాలుని పక్షమున దావా నడుపుటకు వానితో విరోధలాభము లేని పెద్దమనిషి యెవడైనను మిత్రుడుగా నిలువవచ్చును. సంగారెడ్డిలో జిల్లాకోర్టు కలదు. మీలో నొకరు ముందునకు వచ్చినచో కౌటిల్యుడు చెప్పిన గ్రామవృద్ధ ధర్మము నేటి చట్టము క్రిందనే నెఱవేఱును. తగినంత తెలివి వచ్చిన బాలుని యిష్టమును న్యాయాధిపతి విచారింపవచ్చునని కూడ ఆ చట్టమున నున్నది. నూటముప్పది సంవత్సరముల క్రిందటి ఆక్టు బాలుని నోరు తెఱువనిచ్చినది. మన యిండ్లలో మనము తెఱువనిచ్చుచున్నామా?

రెండవ ద్వారము చిన్న స్వాతంత్ర్యములు. పదేండ్లు దాటిన మైనరు తన సేవింగ్సు ఖాతాను తానే నడుపుకొనునట్లు బ్యాంకులు అనుమతింపవచ్చునని రిజర్వుబ్యాంకు 2014లో ప్రకటించెను. 15 ఏండ్లవాడు కార్మికసంఘమున సభ్యుడు కావచ్చునని 1926 నాటి చట్టము తాను అమలులో నున్న కాలమున చెప్పుచుండెను. కాని ఈ కర్మాగారముల ప్రాంతమున నొక హెచ్చరిక యవసరము. పని చేసి సంపాదించుటయే స్వాతంత్ర్యమని తలచి 14 మొదలు 18 ఏండ్లలోపు పిల్లలు ప్రమాదకరమైన పనులలో దిగరాదు. 2016 నాటి సవరణచే అది నిషిద్ధము. 14 ఏండ్లకు లోబడినవారిని కర్మాగారమున చేర్చుకొనుటను 1948 నాటి ఫ్యాక్టరీ చట్టమే కూడదన్నది. సంరక్షకుని పీడ తప్పించుకొనబోయి రసాయనముల పాలగుట విముక్తి కాదు.

మూడవ ద్వారము లెక్క. సంరక్షకత్వము ముగిసిన దినమున ఆస్తిని, లెక్కలను ఒప్పగింపుమని కోర్టు తాను నియమించిన సంరక్షకుని ఆజ్ఞాపింపగలదు. కోర్టువఱకు పోని యిండ్లలో ఈ లెక్క అడుగువారెవరు? మీరే. పిల్లవాని పేర విరాసతు అయినదా, కౌలు సొమ్ము ఎంత వచ్చినది, చదువునకెంత వ్యయమైనది, మిగిలినది ఏ బ్యాంకులో నున్నది అని యేడాదికొకమాఱు నలుగురి యెదుట అడిగినచో, మంచి సంరక్షకునకు గౌరవమగును, చెడ్డవానికి భయమగును. పిల్లవానిని కూడ ప్రక్కనే కూర్చుండబెట్టుడు. లెక్క వినుట నేర్చినవాడు వ్యవహారము నేర్చినట్లే.

పెంచిన చిన్నాయనలందఱును దుర్మార్గులని నా యభిప్రాయము కాదు. తన పిల్లలకు పెట్టక అన్న పిల్లలకు పెట్టినవారు మన పల్లెలలో నెందఱో కలరు. వారి పేరు ఏ తీర్పులోను కానరాదు, ఏలయన వారిపై ఎవ్వరును దావా వేయలేదు. వారికి తోడ్పడుటయు చట్టముయొక్క పనియే. లెక్క సరిగా నున్నచో వారిపై నింద పడదు.

కావున ఆ 16 ఏండ్ల బాలుడు మీ రచ్చకు వచ్చినప్పుడు "నీకింకను ఈడు రాలేదు, పో" అని పంపివేయకుడు. "నాయనా, చట్టము నీకు ఇంక రెండేండ్లు గడువు పెట్టినది. ఆ గడువులో నీ చేను ఒక గుంటయైనను తఱుగకుండ మేము చూచెదము. నీ లెక్క నీకు చూపించెదము. నీవు చదువుము, వ్యవహారము నేర్చుకొనుము" అని చెప్పుడు. చెప్పిన మాట నిలుపుడు. 18 ఏండ్లు నిండిన దినమున వాని పాసుపుస్తకమును నలుగురు సాక్షుల యెదుట వాని చేతికిప్పించుడు.